జుట్టు నాటించుకోబోయే మేనల్లుడికి

అల్లుడా,

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్ ఇచ్చిందని నువ్వు వాట్సాప్‌లో పంపిన కొటేషన్ చూశాను. రెండున్నర వేల గ్రాఫ్ట్‌లు (అంటే వెనక నుంచి తీసి ముందు నాటే వెంట్రుకల కుదుళ్లు), ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కడితే డిస్కౌంట్, పైన పీఆర్పీ (మన రక్తంలోంచే తీసి తలకు ఎక్కించే ప్లాస్మా ఇంజెక్షన్) ఫ్రీ. "మామా, మాఘమాసంలో ముహూర్తం అంటున్నారు, ఇప్పుడు చేయించుకుంటే పెళ్లికి సెట్ అయిపోతుంది కదా" అని కింద నీ మెసేజ్. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం వస్తావు, అందుకే రాస్తున్నాను. అడ్వాన్స్ మాత్రం కట్టకు.

నీ నుదురు వెనక్కి పోతోందని మీ అమ్మ మాదాపూర్ బోరు నీళ్లను తిడుతుంది, మీ నాన్న హెల్మెట్‌ను తిడతాడు. పాపం రెండింటికీ ఇందులో పాత్ర లేదు. మగవాళ్ల బట్టతలలో పెద్ద చెయ్యి ఉన్న జన్యువు ఒకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి అది అమ్మ నుంచే వస్తుంది. మా అమ్మ దగ్గర్నుంచి నాకూ, అక్క ద్వారా నీకూ వచ్చి ఉంటుంది. మేనమామ పోలిక అంటూ చిన్నప్పుడు నిన్ను ముద్దు చేసినవాళ్లంతా ఇప్పుడు మాట్లాడటం లేదు చూడు. (నాన్న వైపు జన్యువులు కూడా కలుస్తాయిలే, నింద మొత్తం నా మీద వేయకు.)

జరిగేది ఇది. టెస్టోస్టిరాన్ నుంచి శరీరంలో డీహెచ్‌టీ అనే హార్మోన్ తయారవుతుంది. మనలాంటి వాళ్లకు నుదుటి మీద, నడినెత్తిన ఉన్న కుదుళ్లు దాన్ని తట్టుకోలేక ఏటేటా చిక్కిపోతాయి. చివరికి మిగిలేది నూగు. తల వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్లను అది పెద్దగా ఏమీ చేయదు. వాటిని తీసి ముందుకు నాటినా వాటి గుణం మారదు. న్యూయార్క్‌లో నార్మన్ ఓరెంట్రిక్ అనే డాక్టర్ 1959లో ఈ సంగతి అచ్చు వేయించాడు. ఇవాళ జూబ్లీహిల్స్‌లో జరిగే ఆపరేషన్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

నేను బోల్తా పడిందీ అక్కడే. ముప్పై ఒకటో ఏట ఒక క్లినిక్‌లో చేయించుకున్నాను. "నాటిన జుట్టు జీవితాంతం ఉంటుంది సార్" అన్నారు. అబద్ధం చెప్పలేదు, ఆ జుట్టు ఇప్పటికీ ఉంది. దాని వెనక ఉన్న నా సొంత జుట్టు ఉండదని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి నుదుటి మీద ఒక గుత్తి, దాని వెనక మైదానం. చెరువు ఎండిపోయి గట్టు మీద తుమ్మలు మిగిలినట్టుండేది. మీ చెల్లి ఓణీల ఫంక్షన్ ఆల్బమ్‌లో నేను ప్రతి ఫొటోలో ఎవరో ఒకరి వెనక ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు అర్థమైందా? అప్పుడు జుట్టు రాలకుండా మందులు మొదలుపెట్టి, రెండేళ్లు ఆగి, రెండో ఆపరేషన్ చేయించుకున్నాను. మొదటిసారి తల వెనక చర్మం పట్టీలా కోసి తీశారు కాబట్టి ఆ గీత చెవి నుంచి చెవి దాకా ఉంది. సెలూన్‌లో కుర్చీ ఎక్కగానే "మిషన్ వద్దు, కత్తెరే" అని చెప్పుకోవాల్సిందే.

మన ఊళ్లో నాట్లు చూశావు కదా. నారుమడిలోంచి నారు పీకి పొలంలో నాటతారు. జుట్టు విషయంలో తేడా ఏమిటంటే, నారుమడి ఒక్కటే, అందులో మళ్లీ విత్తనం చల్లడం ఉండదు. పీకిన చోట మళ్లీ మొలవదు. చాలామందికి జీవితం మొత్తానికి వెనక నుంచి తీయగలిగింది అయిదారు వేల గ్రాఫ్ట్‌లకు అటూ ఇటూ. నీకు ఇరవై ఏడు. ఇప్పుడే రెండున్నర వేలు ముందు వరసకు పెట్టేస్తే, నలభై ఏళ్లకు నడినెత్తి ఖాళీ అయినప్పుడు ఎక్కడి నుంచి తెస్తావు? పదో తరగతి ఫొటో చూపించి అంత కిందకు గీత గీయించుకోవాలని కూడా ఆశపడకు. యాభై ఏళ్ల ముఖం మీద పదిహేనేళ్ల నుదురు విగ్గులా కనిపిస్తుంది.

అందుకని మందు ముందు. ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రామ్ మాత్ర రోజూ ఒకటి. ఇది డీహెచ్‌టీ తయారీని తగ్గిస్తుంది. మినాక్సిడిల్ 5 శాతం ద్రావణం పొడి తల మీద రెండు పూటలా. ఇది మొదట బీపీ మాత్ర, వాడినవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు వస్తుంటే తలకు రాసి చూశారు. ఈ రెండూ నడినెత్తి మీద బాగా పనిచేస్తాయి, పోయిన నుదుటి అంచును వెనక్కి తేవడంలో బలహీనం. ఆపరేషన్‌కు ఆ అంచే బలం. ఒకదానికి చేతకానిది రెండోది చేస్తుంది కాబట్టే మంచి డాక్టర్లు రెండూ కలిపి చెబుతారు. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో 79 మంది మగవాళ్లలో కొందరికి ఆపరేషన్‌కు నాలుగు వారాల ముందు నుంచి 48 వారాల తర్వాత దాకా ఫినాస్టెరైడ్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కంటికి కనిపించేంత మెరుగు మందు వాడినవాళ్లలో 94 శాతానికి, మిగతావాళ్లలో 67 శాతానికి వచ్చింది.

మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఉన్నది కూడా రాలొచ్చు. పాత వెంట్రుక కొత్తదానికి చోటిస్తోందన్నమాట. అక్కడ భయపడి ఆపేసినవాళ్లు నాకు తెలిసి నలుగురు. ఆర్నెల్లకు ముందు అద్దం చూసి తీర్పు చెప్పకు, ఏడాది వాడు. మానేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తావు. ఆపరేషన్ అయ్యాక కూడా మానకూడదు, అసలు వాడకపోవడమే కదా నేను చేసిన తప్పు. ఇంకోటి, నీ రూమ్మేట్ పిల్లిని పెంచుతున్నాడన్నావు. మినాక్సిడిల్ పిల్లులకు విషం. రాసుకున్న తల దాన్ని నాకనివ్వకు, దిండు మీద పడుకోనివ్వకు.

ఇప్పుడు నువ్వు అడగడానికి సిగ్గుపడే సంగతి. ఫినాస్టెరైడ్ వాడినవాళ్లలో కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య వస్తాయి. చాలామందిలో మందు ఆపితే పోతాయి. ఆపినా పోలేదని చెప్పినవాళ్లూ ఉన్నారు. మనసు కుంగడం కూడా ఉంది. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ప్రభావమేనని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2025లో నిర్ధారించింది. నాకేమీ కాలేదు, కానీ నా ఒళ్లు వేరు, నీ ఒళ్లు వేరు. రెండేళ్ల కిందట నువ్వు టెన్షన్‌తో నిద్రపోక మాత్రలు వాడావే, ఆ మాట డాక్టర్‌కు దాచకుండా చెప్పు. తేడా అనిపించిన రోజే ఫోన్ చెయ్యి, వారం ఆగకు. పెళ్లయ్యాక పిల్లల కోసం అనుకున్నప్పుడు కూడా ముందు డాక్టర్‌ను అడగాలి. కడుపుతో ఉన్న ఆడవాళ్లు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. వాడుతున్నన్నాళ్లూ, మానేసిన నెల దాకా రక్తదానం చేయకూడదు. యాభై దాటాక ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ టెస్టు ఈ మందు వల్ల దాదాపు సగమే చూపిస్తుంది. నా హెల్త్ చెకప్‌లో నేను చెబితే తప్ప ఎవరూ అడగలేదు.

పోయిన వానాకాలం డెంగ్యూ తర్వాత గుప్పెళ్లతో ఊడింది మాత్రం వేరే లెక్క. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు అలా రాలి, దానంతట అదే తిరిగొస్తుంది. అందుకే ముందు స్కిన్ డాక్టర్, తర్వాతే సర్జన్. థైరాయిడ్, ఐరన్ చూపించుకో. ఫీజు ఎక్కువనుకుంటే ఉస్మానియా, గాంధీ ఓపీలు ఉండనే ఉన్నాయి.

మాఘమాసం సంగతి. ఇంకా అయిదు నెలలు. నాటిన వెంట్రుకలు రెండు నుంచి ఆరు వారాల్లో చాలావరకు రాలిపోతాయి, కుదురు లోపల బతికే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు సన్నగా మొలక. పూర్తి రూపం రావడానికి ఏడాది, నడినెత్తికి ఇంకా ఎక్కువ. అంటే తలంబ్రాలు పోసే వేళకు నీ నెత్తి సరిగ్గా సగం మొలిచిన మడిలా ఉంటుంది, ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ దాన్ని దాచదు. ఇప్పుడున్నట్టే చక్కగా కత్తిరించుకుని పీటల మీద కూర్చో. అమ్మాయికి ముందే చెప్పేయ్. మీ అత్తకు నేను చెప్పలేదు. పెళ్లయిన నెలకు తల దువ్వుతూ గీత పట్టుకుంది. ఇరవై ఏళ్లుగా వింటున్నాను.

ఏడాది మందు తర్వాత కూడా కావాలనిపిస్తే క్లినిక్‌కు నేనూ వస్తా. కుదుళ్లు నాటే కన్నాలు ఎవరు చేస్తారు, నుదుటి గీత ఎవరు గీస్తారు అని అడుగుదాం. డాక్టర్ ఫొటో గోడ మీద, పని మొత్తం టెక్నీషియన్ చేతిలో ఉండే చోట్లు ఉన్నాయి. వర్క్‌షాపుల్లో, యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవడం శిక్షణ కిందకు రాదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఆపరేషన్ ఆరేడు గంటలు పడుతుంది, తిమ్మిరి ఇంజెక్షన్లు బోలెడు, కాబట్టి ఎమర్జెన్సీ ఏర్పాట్లు ఉన్నాయో లేదో కళ్లతో చూడాలి. ఇన్సూరెన్స్ ఇవ్వదు, జీఎస్టీ కూడా పడుతుంది. మే నెల మాత్రం వద్దు. కొత్తగా నాటిన నెత్తితో మన ఎండల్లో తిరగలేవు, డాక్టర్ చెప్పేదాకా హెల్మెట్ పెట్టకూడదు కాబట్టి బైకూ ఉండదు. మూడో రోజుకు నుదురు, కళ్లు ఉబ్బితే కంగారుపడకు. మినాక్సిడిల్ ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ సర్జన్‌నే అడగాలి.

ఆదివారం నల్లకుంట రా. వచ్చేటప్పుడు కిటికీ దగ్గర వెలుతురులో నుదురు, నడినెత్తి, తల వెనక ఫొటోలు తీయించుకుని తేదీ వేసి ఉంచు, ఏడాది తర్వాత పోల్చడానికి కావాలి. పాత బ్లడ్ రిపోర్టులు తీసుకురా. ముహూర్తం గురించి అక్కతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య