గుట్ట ఎక్కేటప్పుడు వెనక్కి చూడు బిడ్డా

బిడ్డా,

ఆదివారం మబ్బుల లేచి రేగొండ కాడి పాండవుల గుట్టలకు పోతున్నవని, అదీ ఒక్కదానివే పోతున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. నా మేనకోడలు కెమెరా భుజానేసుకుని గుట్ట ఎక్కుతదంటే ఒకదిక్కు గుండె నిండింది. ఇంకోదిక్కు కాలు నిలుస్తలేదు.

నీళ్లు రెండు లీటర్లకు తక్కువ పెట్టుకోకు. బ్యాటరీ ఇంకోటి, కాళ్లకు బూట్లు. పరకాల దాటినంక రేగొండలనే ఏమన్నా తిను. పొద్దుపొడుపు వెలుగు వాలుగా పడ్డంతసేపే రాతి పొరలు లేచి కనిపిస్తయి, ఎండ నెత్తికెక్కితే ఏం ఉండదు. చరియలకు తేనెపట్లుంటయి, సెంటు కొట్టుకోకు. బండల మీది ఎర్రరంగు బొమ్మలకు నీళ్లు చల్లితే మంచిగ కనిపిస్తయని ఎవరన్నా చెప్తే వినకు. ఆదిమానవులు వేసిన రంగులవి, నీ ఒక్క ఫోటో కోసం కరగొద్దు.

ఇగ అసలు ముచ్చట.

1993 వానకాలంల నేనూ అక్కడికే పోయిన. అప్పుడది మన వరంగల్ జిల్లానే. రీలుల 36 బొమ్మలు, 35 అయిపోయినయి. ఆఖరుది వాన వెలిసినంక వచ్చే వెలుగు కోసం దాచుకున్న. దోస్తు "చాలు, దిగుదాం" అని రెండుసార్లు అన్నడు. నువ్వు పో అన్న. పోయిండు. మబ్బు విడువలే, పొద్దు గూకింది. తిరిగి చూస్తే నేనెక్కిన తొవ్వ లేదు. ఎక్కేటప్పుడు కండ్లన్నీ పైకే, ఒక్కసారన్నా వెనక్కి చూడలే. కిందికెళ్లి చూసిన బండకు, పైకెళ్లి చూసిన బండకు పోలికే లేదు బిడ్డా. రెండు సందుల్ల దిగిన, రెండూ లోయ అంచు కాడ ఆగినయి. రెండోదాంట్ల కాలు జారి రాయి అంచు పట్టుకున్న. అది రవ్వలెక్క రాలి పిడికిట్లకు వచ్చింది. ఇసుకరాయి, వానకు నానితే నమ్మొద్దు. అక్కడనే కూలబడ్డ. అగ్గిపెట్టె తడిసింది. కింద పొదలల్ల ఏదో ఆకులు తొక్కుకుంట తిరిగింది. ఎలుగుబంటో, పందో ఇప్పటికీ తెల్వదు. కెమెరాను కడుపుకు పెట్టుకుని తెల్లారేదాక కూసున్న.

వెలుగొచ్చినంక చూస్తే తొవ్వ పది అడుగుల దూరంలనే ఉన్నది.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మమ్మ గడప మీదనే ఉన్నది. రాత్రంతా అక్కడనేనట. తిట్టలే. నా అరచేతులు పట్టుకుని ఇసుక దులిపింది.

అందుకే మలుపు మలుపుకు ఆగు. వెనక్కి తిరిగి, దిగేటప్పుడు తొవ్వ ఎట్ల కనిపిస్తదో ఫోన్‌ల ఒక ఫోటో తీసుకో. "నాకు తెలుసు మామా" అనకు. అప్పుడు నాకూ తెలుసనే అనుకున్న. ఊర్లె తొవ్వ తెలిసినోళ్లను ఒకరిని తోడు తీసుకపో, కూలి నేనిస్త. ఒక్కదాన్నే పోతనని మొండికేస్తే నేనే వస్త. మోకాళ్లు ఎక్కనియ్యకుంటే కింద చెట్టు కాడ కూసుంట.

శనివారం పొద్దుమీకి హనుమకొండ వచ్చి నా ట్రైపాడ్ తీసుకపో. ఒక కాలు వదులైతే బిగించి పెట్టిన.

మీ మామ