పేరు వెనక్కి వెళ్లిందని పరిశోధన మానేయాలా?

మూడేళ్లు మీరే చేసిన ప్రయోగాలకు పేపర్లో మీ పేరు నాలుగోదిగా వేశారని, పీహెచ్‌డీ వదిలేయాలా అని అడిగారు. నేనూ ఆ బాధ పడ్డాను. అప్పుడు నన్ను నిలబెట్టింది జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం.

భీమవరంలో పుట్టి, మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కిన మనిషి ఆయన. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తర్వాత ఆ జబ్బుకు మందుగా పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారు చేసింది అమెరికాలో ఆయన నడిపిన బృందమే! ఇది తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతి అంత పేరు తెచ్చినా, అక్కడ శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లి పని కొనసాగించారు. ఆయన విభాగంలోనే పుట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను లోకానికి చెప్పింది అక్కడే పనిచేసిన డగ్గర్ అనే శాస్త్రవేత్త. పేరు ఎవరిదైనా మందు రోగికి చేరాలన్నదే ఆయన జీవితంలో నాకు కనిపించే తత్వం.

అలాగని మిమ్మల్ని నోరు మూసుకోమనడం లేదు. తేదీలున్న ల్యాబ్ నోట్‌బుక్ తీసుకుని గైడ్ గారి దగ్గర కూర్చోండి. ఏ ప్రయోగం ఎవరు చేశారో ప్రశాంతంగా చూపించండి. కోపంలో మెయిల్ మాత్రం పెట్టకండి. తర్వాతి పేపర్‌కు రాయడం మొదలుపెట్టకముందే పేర్ల వరుస మాట్లాడుకోండి. పీహెచ్‌డీ వదిలేసే ఆలోచన ఆ మాటలయ్యాకే. గైడ్ గారు ఏమన్నారో ఇక్కడ రాయండి, చూద్దాం.