తల్లి బయట కూర్చుంటేనే పిల్ల నోరు విప్పుతుంది

హౌస్‌సర్జన్ తమ్ముడు అడిగింది ఇదీ: "పదిహేనేళ్ల పిల్లలు ఓపీలో నోరు విప్పరు, తల్లే అన్నీ చెప్తది. వీళ్లను చూసుడు ఎవరన్నా నేర్పుతరా, చూసీ చూసీ రావాల్సిందేనా?"

నేను నల్లగొండ జిల్లాలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని. మా దగ్గరికి వచ్చే హౌస్‌సర్జన్లకు, కొత్త డాక్టర్లకు ఈ సంగతి చెప్పే పని నా మీదే పడింది. నేర్పొచ్చు తమ్ముడూ. మొదట నేర్పాల్సింది మాత్రం ఒకటే: తల్లిని ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టడం.

పుస్తకంలో లేదనుకోకు. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో పీడియాట్రిక్స్ కింద కౌమార ఆరోగ్యం ఉంది. ఇల్లు, చదువు, తిండి, స్నేహాలు, మత్తు, సెక్స్, మనసు, భద్రత వరసగా అడిగే 'హెడ్స్' పద్ధతీ అందులోనే ఉంది. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10–19 ఏళ్ల వాళ్ల కోసమే. కానీ చాలా ఆసుపత్రుల్లో పన్నెండు దాటగానే పిల్లల వార్డు నుంచి జనరల్ మెడిసిన్‌కు పంపుతారు. అక్కడ పక్క మంచంలో అరవై ఏళ్ల షుగర్ పేషెంటు. పద్నాలుగేళ్ల పిల్లతో ఎట్ల మాట్లాడాలో అక్కడ చూపించేవాళ్లు ఎవరు?

"మేడం, పిల్లకు కడుపు నొస్తుంది, తింటలేదు, ఫోన్ ఇడుస్తలేదు" అంటుంది తల్లి. పిల్ల నేల చూస్తుంటుంది. ఉన్నట్టుండి "నువ్వు బయటికి పో అమ్మా" అంటే ఆ తల్లికి గుండె గుబేలుమంటుంది. అందుకే అందరికీ ఒకటే రూలులా చెప్పమంటాను: "పదేళ్లు దాటిన ఎవరితోనైనా కాసేపు విడిగా మాట్లాడతానమ్మా, మా పద్ధతే అంత. ముందు నువ్వు చెప్పేదంతా చెప్పు, వింటా." మాట పూర్తిగా విన్నాక లేవమంటే లేస్తుంది. గురుకులం, కస్తూర్బా పిల్లలతో ఇంకా కష్టం. ఒక్క ఆటోలో ఆరుగురు, వెంట ఒక టీచరు, అందరికీ గోలీలు రాసి తొందరగా పంపమని. పాలమూరు వైపు తల్లిదండ్రులు వలసపోతే అవ్వ తోలుకొస్తుంది. పిల్ల సంగతి అవ్వకు సగమే తెలుసు.

విడిగా కూర్చోబెట్టాక "ఏది చెప్పినా ఎవరికీ చెప్పను" అని మాత్రం అనకు. పద్దెనిమిది నిండని వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 2012, సెక్షన్ 19 కింద రిపోర్టు చేయాల్సిందే. ఇష్టపడే జరిగిందన్నా చట్టం ఒప్పుకోదు. నేను చెప్పించే మాట ఇది: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటది బిడ్డా. నీ ప్రాణానికి ముప్పున్నా, నీ మీద ఎవరన్నా చెయ్యేసినా మాత్రం నేను ఊకోలేను. అప్పుడు కూడా ముందు నీకు చెప్పే చేస్తా." ఇంకోటి: మైనర్ అబార్షన్ కోసం వచ్చినప్పుడు ఆమె, గార్డియన్ కోరితే రిపోర్టులో ఆమె పేరు, వివరాలు డాక్టరు ఇవ్వనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29 తీర్పులో చెప్పింది. ఇది తెలియక పోలీసు కేసు భయంతో "పెద్దాసుపత్రికి పోండి" అని తోలేసే డాక్టర్లున్నారు. ఆ పిల్ల పెద్దాసుపత్రికి పోదు. ఊళ్లో డిగ్రీ లేని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. శిక్షణలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలని నా పట్టు.

ఇక ప్రశ్నలు. "మందు తాగుతవా?" అంటే పిల్లగాడు లేదంటాడు, వాడి లెక్కలో అది నిజమే. కల్లు మందు కిందికి రాదు కదా, పండుగకు ఇంట్లోవాళ్లే పోస్తారు. "మీ దోస్తులల్ల కల్లు, గుట్కా, గంజాయి ఎవరికన్నా అలవాటుందా?" అని పక్కవాళ్లతో మొదలుపెట్టాలి. ఆల్ప్రజోలం అనే మత్తు మందు కలిపిన కల్లు ఎరిగిన జిల్లాలు మనవి. అది మానేశాక ఫిట్స్‌తోనో, వింత మాటలతోనో వచ్చినవాడిని సరిగ్గా పట్టుకోవాలంటే ఈ ప్రశ్న కావాలి. తెల్లబట్ట అని వచ్చే అమ్మాయిల్లో చాలామందికి జబ్బు కన్నా భయమే ఎక్కువ. మర్రిగూడ, చండూరు వైపు పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే సిగ్గని రాసుకోకు, పళ్ల మీద ఫ్లోరైడ్ మరకలు చూడు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ గోలీ పారేస్తుంటే, తిన్నాక వేసుకోమని, దొడ్డికి నల్లగా వచ్చినా భయం లేదని ముందే చెప్పు. అమ్మాయికి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే వారం గోలీ చాలదు, రోజువారీ చికిత్స పెట్టాలి.

"చచ్చిపోవాలనిపించిందా?" అని అడగడానికి కొత్తవాళ్లు జంకుతారు, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అడిగితే పుట్టదు. ఇంటర్ రిజల్ట్స్ రోజుల్లో తప్పకుండా అడగాలి. అవునంటే ఒంటరిగా పంపకు. పత్తి వేసే ఇల్లయితే పురుగుల మందుకు తాళం వేయించు, జిల్లా ఆసుపత్రి సైకియాట్రిస్టుతో మాట్లాడి పంపు, మానసిక సాయానికి ఫోన్ చేసే టెలిమానస్ నంబర్ 14416 చీటీ మీద రాసివ్వు.

ఇవన్నీ స్లైడ్ల మీద చెబితే భోజనం అయ్యేసరికి మర్చిపోతారు. మేం వేషాలు కట్టిస్తాం: ఒక డాక్టరు పిల్ల, ఒక ఏఎన్ఎం తల్లి. మా ఏఎన్ఎంలు తల్లి వేషం ఎంత బాగా కడతారంటే ఏం చెప్పినా కుర్చీ లేచి పోరు. కాసేపు నవ్వులే. తర్వాత పిల్ల వేషం కట్టిన డాక్టర్ని "ఎక్కడ నీకు చెప్పబుద్ధి కాలేదు?" అని అడుగుతాను. "ఫోన్ గురించి తిట్టినప్పుడు", "నా మొహం చూడకుండ రాసుకుంటున్నప్పుడు" అంటారు. ఆ జవాబు నా నోటి నుంచి వస్తే అంత ఎక్కదు.

మా పీహెచ్‌సీలో గది లేదంటావేమో. బుధ, శనివారాలు తప్పితే టీకాల గది ఖాళీయే. తెర కట్టించు, ఏఎన్ఎంను మాట వినపడనంత దూరంలో, కనపడేటట్టు కూర్చోబెట్టు.