డెఫ్ కౌన్సెలరా, హియరింగ్ సైకాలజిస్టా... మధ్యలో మా అక్క

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ వినిపించదు. మా ఆయన కూడా డెఫే. ఇంట్లో సైన్‌లోనే (సైగల భాషలోనే) మాట్లాడుకుంటాం. పది నెలల కిందట ఐదో నెలలో నా గర్భం పోయింది. ఆ రోజు స్కానింగ్ గదిలో డాక్టరు మా అక్కతో ఏదో చెప్పారు. అక్క కళ్లు తుడుచుకుంది. ఏమైందని అడిగితే 'తర్వాత చెప్తా' అంది. గంట తర్వాత చెప్పింది. అప్పటి నుంచి సరిగ్గా నిద్ర లేదు. నా ముందు ఎవరైనా పెదాలు కదిపితే ఒళ్లు వణుకుతుంది. కౌన్సెలింగ్‌కి వెళ్దామనుకుంటున్నాను. డెఫ్ కౌన్సెలర్ ఒకావిడ ఉన్నారు కానీ మా సంఘం మీటింగుల్లో తరచూ కనిపిస్తారు, ఆవిడ భర్త మా ఆయనకి స్నేహితుడు. మా సంగతులు బయటికి పొక్కుతాయేమోనని భయం. అక్క ఒక హియరింగ్ (అంటే వినగలిగే) సైకాలజిస్టుని చూసి, 'నేనొచ్చి అన్నీ చెప్తాను, ఆ డెఫ్ ఆవిడకే వినపడకపోతే నీకేం సాయం చేస్తుంది' అంటోంది. మా ఆయన డెఫ్ ఆవిడ దగ్గరికే వెళ్లమంటాడు. చిన్నప్పటి నుంచి నా నోరూ చెవీ అక్కే. కాదంటే నొచ్చుకుంటుంది. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ గంట దగ్గరే ఆగిపోయాను. మీ కడుపులో బిడ్డ ఇక లేదన్న సంగతి ఆ గదిలో మీకు తప్ప అందరికీ తెలుసు. మీరేమో వాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నారు. బిడ్డ పోయిన దుఃఖం ఒకటైతే, ఆ కబురు ఆఖరున మీకు చేరిన తీరు ఇంకొకటి. పెదాలు కదిలితే వణుకు పుడుతోందంటే ఈ రెండో గాయం ఇంకా పచ్చిగానే ఉందని నాకనిపిస్తోంది. దీన్ని పక్కన పెట్టి డెఫ్ ఆవిడా, హియరింగ్ ఆవిడా అని తూకం వేస్తే లెక్క తప్పుతుంది.

అందుకే మీరు అడగని దానికి ముందు జవాబు చెబుతాను. ఎవరి దగ్గరికి వెళ్లినా సరే, అక్కని దుభాషిగా కూర్చోబెట్టుకోవద్దు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు, నేను చేసిన తప్పు. నేను వినగలిగిన మనిషిని. ఈ కౌన్సెలింగ్ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక డెఫ్ అమ్మాయి వాళ్ల వదినని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి రెండు చేతులతో, ముఖమంతా కదిలిస్తూ నిమిషంసేపు చెప్పేది. వదిన నా వైపు తిరిగి 'ఏం లేదండీ, కొంచెం చిరాగ్గా ఉందట' అనేది. నిమిషంసేపు చెప్పింది ఆ నాలుగు మాటలేనా అని నాకు అనుమానం రావాలి. రాలేదు. నాలుగుసార్లు అలాగే నడిపించాను. అయిదోసారి వదినకి వీలుకాక బయటి దుభాషి వచ్చారు. ఆ అమ్మాయి మొదటి రోజు నుంచీ చెబుతున్నది వదిన పెట్టే బాధల గురించేనని అప్పుడు తెలిసింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

మీ అక్క అలాంటి మనిషని నేననడం లేదు. ప్రేమ వల్ల కూడా మాట మారుతుంది. మీకు బాధ కలుగుతుందని కొంత దాస్తుంది, డాక్టరు ముందు పరువు పోతుందని కొంత సర్దుతుంది. పైగా ఆ గంట గురించి మీరు నోరు విప్పాలంటే అక్క మీద కోపం కూడా బయటికి రావాలి. ఆ కోపాన్ని అక్క చేతే ఎలా చెప్పిస్తారు?

ఇక 'ఆవిడకే వినపడకపోతే' అన్న మాట. అక్క ఒక్కతే కాదు, చాలామంది అనే మాటే ఇది. వినపడకుండా డాక్టర్లయినవాళ్లు ప్రపంచంలో చాలాకాలంగా ఉన్నారు. పుట్టుకతోనే తీవ్రమైన వినికిడి లోపమున్న ఫిలిప్ జజోవ్ అమెరికాలో ఫ్యామిలీ డాక్టరుగా చేశారు, మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆ విభాగానికి అధిపతి కూడా అయ్యారు. ఆయన చూసిన రోగుల్లో వినగలిగినవాళ్లే ఎక్కువ. గుండె చప్పుడుని పెంచి వినిపించే స్టెతస్కోపులున్నాయి, తెరమీద గీతలుగా చూపించేవీ ఉన్నాయి. అంత దూరం ఎందుకు, కౌన్సెలింగ్‌లో స్టెతస్కోపుతో పనే లేదు. అక్కడ కావలసింది మీ చేతులు, మీ ముఖం చెప్పేది ఎదుటి మనిషికి అర్థం కావడం. ఆ విషయంలో ఆ ఇద్దరు నిపుణుల్లో 'వినపడని' మనిషి నాలాంటి హియరింగ్ ఆవిడే.

నాలాంటివాళ్లు ఎక్కడ పొరబడతామో చెప్తాను. సైన్‌లో కనుబొమలు, బుగ్గలు, తల వంపు అన్నీ వ్యాకరణమే. కనుబొమలు ఎత్తితే అది ప్రశ్న కావచ్చు. సైన్ తెలియని మానసిక నిపుణులు దాన్ని చూసి 'ఆందోళన ఎక్కువగా ఉంది' అని రాసేస్తారు. డెఫ్ మనిషి తలూపితే చాలాసార్లు దాని అర్థం 'చూస్తున్నాను, చెప్పండి' అనే. హియరింగ్ డాక్టర్లు దాన్ని 'సరే, ఒప్పుకుంటున్నాను' అనుకుని మందు రాసిచ్చేస్తారు. ఇక పెదాలు చదవడం సంగతి మీకు నేను చెప్పేదేముంది, కానీ మీ అక్కకి చెప్పండి. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా 'పాట, బాట, మాట' అనమనండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. 'తగ్గుతోందా', 'దగ్గుతోందా' కూడా అంతే. క, గ లాంటివి నోటి లోపలే పుట్టి లోపలే పోతాయి. మాస్కు వేస్తే ఆ కాస్తా లేదు. మరి రాసి చూపించుకుంటే? సైన్ మాతృభాషగా పెరిగిన చాలామందికి రాత తెలుగు రెండో భాష. బిడ్డ పోయిన బాధని రెండో భాషలో చీటీల మీద రాసి అందించడం ఎంత కష్టమో ఊహించండి.

కాబట్టి ఈ గాయానికి మాత్రం నా మొగ్గు డెఫ్ కౌన్సెలర్ వైపే. మధ్యలో మూడో మనిషి ఉండరు. డెఫ్ జీవితం ఎలా ఉంటుందో పాఠం చెప్పడానికి మొదటి నాలుగు గంటలు ఖర్చవవు. 'తర్వాత చెప్తా' అన్న మాట ఆవిడా ఎన్నిసార్లు చూసి ఉంటారో.

అయితే అందులోనే ఒక ఇబ్బందీ ఉంది. మీరు చెప్పడం పూర్తికాకుండానే 'నాకు తెలుసులే, నాకూ ఇలాగే జరిగింది' అనేవాళ్లుంటారు. డెఫ్ అయినంత మాత్రాన కౌన్సెలింగ్ వచ్చేసినట్టు కాదు. ఏం చదివారు, గర్భం పోయిన ఆడవాళ్లతో ఇదివరకు పనిచేశారా అని అడగండి. అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. వినికిడి లోపమున్న అందరికీ సైన్ రాదు కూడా. మాటలతోనే పెరిగి పెద్దయ్యాక సైన్ నేర్చుకున్నవాళ్లుంటారు. ఆవిడ సైన్ మీకు హాయిగా ఉందా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇప్పుడు మీ భయం సంగతి. అది ఉత్త భయం కాదు, నిజంగా ఉన్న చిక్కే. డెఫ్ సమాజం ఎక్కడైనా చిన్నదే, అందరికీ అందరూ తెలుసు. ఒకరి ఇంట్లో గొడవైతే వారం తిరక్కుండా సంఘం మీటింగులో నలుగురి చేతుల్లో కదులుతుంది. కానీ అమ్మా, ఇక్కడొక సంగతి మీరు చూసుకోలేదు. హియరింగ్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే దుభాషి కావాలి. దుభాషులు అంతకంటే తక్కువమంది. మీ సంఘం మీటింగుల్లో, మీ స్నేహితుల పెళ్లిళ్లలో, ఆసుపత్రుల్లో తిరిగేది ఆ నలుగురే. డెఫ్ కౌన్సెలర్‌ని తప్పించుకుంటే గుట్టు నిలుస్తుందనుకున్నారు, తీరా చూస్తే మీ సంగతి తెలిసినవాళ్లు ఒకరికి ఇద్దరయ్యారు.

దీనికి నాకు తోచిన దారి ఒకటుంది. మీకు ముఖ పరిచయం లేని, వేరే ఊళ్లో ఉండే డెఫ్ కౌన్సెలర్‌ని వీడియోలో కలవండి. హియరింగ్ వాళ్లం ఫోన్లో మాట్లాడి సరిపెట్టుకుంటాం గానీ, వీడియోలో కౌన్సెలింగ్ మీకు కుదిరినంత బాగా మాకు కుదరదేమో. అయితే మరీ దూరం, వేరే దేశం అంటే సైన్ మారిపోతుంది. ప్రపంచంలో 300కు పైగా సైగల భాషలున్నాయని ఐక్యరాజ్యసమితి లెక్క. మీ సైన్ భాషే వాడతారో లేదో ముందే అడగండి. ఇంట్లో వెనకనుంచి ఎవరూ మీ చేతులు చూడకుండా గోడకి ఆనుకుని కూర్చోండి.

అలా దొరకకపోతే మీకు తెలిసిన ఆవిడ దగ్గరికే వెళ్లొచ్చు. కానీ కౌన్సెలింగ్ మొదలుపెట్టకముందే ఒక పావుగంట కలిసి, మనసులో ఉన్నదే సూటిగా అడగండి: 'మీటింగులో ఎదురుపడితే నన్ను పలకరిస్తారా, మీ ఆయనకి నేను వస్తున్నట్టు తెలుస్తుందా, నా గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్తారు?' పనితెలిసిన మనిషికి ఈ ప్రశ్నలు కొత్తవి కావు, తడుముకోకుండా చెప్తారు. 'అబ్బే, మనం మనం ఒకటి, ఇవన్నీ ఎందుకు' అన్నారో, నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒకవేళ ఆవిడే 'మన కుటుంబాలకి దగ్గర పరిచయం ఉంది, మీరు ఇంకొకరి దగ్గరికి వెళ్లడం మంచిది' అంటే చిన్నబుచ్చుకోకండి. అలా అన్నారంటే పని తెలిసిన మనిషే. ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా ఆవిడనే అడగండి.

ఈ రెండూ కుదరకపోతేనే అక్క చూసిన సైకాలజిస్టు. అక్కడ దుభాషిని మీరే ఎంచుకోండి, ప్రతిసారీ ఆ ఒక్కరే రావాలని చెప్పండి. మీకు మామూలుగా ఇచ్చే సమయం చాలదు, ఎక్కువ అడగండి. దుభాషి సైకాలజిస్టు పక్కన, మీకు ఎదురుగా కూర్చోవాలి. వాళ్ల వెనక కిటికీ ఉంటే వెలుగుకి ముఖాలు కనపడవు, కుర్చీలు జరిపించండి. సైకాలజిస్టు దుభాషిని చూసి 'ఆవిడని అడగండి' అంటుంటే, నన్ను చూసి మాట్లాడమని చెప్పండి. సైన్ వచ్చిన హియరింగ్ సైకాలజిస్టు దొరికితే ఇంకేం కావాలి, కానీ అరుదు.

ఒక్క మాట, ఈ ఎంపిక తేలేదాకా ఆగకూడని పరిస్థితి ఒకటుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే డెఫ్, హియరింగ్ అని చూడకండి. ఆ రోజే మీవారిని తీసుకుని, దగ్గర్లో ఏ డాక్టరుంటే ఆ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మీవారి సంగతి ఉత్తరంలో రెండే వాక్యాలు రాశారు. ఆయన బిడ్డ కూడా పోయింది కదా. ఆయన డెఫ్ ఆవిడ దగ్గరికే వెళ్లమనడం వెనక తానూ వచ్చి కూర్చోవాలన్న కోరిక ఉందేమో, ఒకసారి అడిగి చూడండి.

అక్కకి ఎలా చెప్పాలి? కాదనడంగా కాకుండా, బరువు దింపడంగా చెప్పండి. ఆ గంట అక్కకీ నరకమే. చెల్లెలికి ఎలా చెప్పాలో తెలియక, డాక్టరు తన నెత్తిన పెట్టిన పనిని ఒంటరిగా మోసింది. నిజానికి తప్పు అక్కది కాదు, మీ ముఖం చూడకుండా అక్కకి చెప్పిన డాక్టరుది. 'ఇన్నాళ్లూ నా నోరూ చెవీ అయ్యావు, ఇక నువ్వు అక్కగా ఉంటే చాలు. నేను గదిలోంచి బయటికొచ్చేసరికి అక్కడ కూర్చుని ఉండు' అనండి. కొన్నాళ్లు ముభావంగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఇదంతా మనసు సంగతి. ఒంటికి వైద్యం వేరు. రేపు మళ్లీ గర్భం వస్తే మీకు కావలసింది పనిమంతురాలైన ప్రసూతి వైద్యురాలు. ఆవిడకి వినపడుతుందా లేదా అన్నది రెండో సంగతి. డెఫ్ ప్రసూతి డాక్టరు కోసం వెతుక్కుంటూ నెలలు పోగొట్టుకోవద్దు. మంచి దుభాషిని ముందే మాట్లాడుకోండి. వైకల్యమున్నవాళ్లకి మిగతావాళ్లతో సమానమైన నాణ్యతతో, వాళ్లకే అన్నీ తెలియజెప్పి, వాళ్ల సమ్మతితోనే వైద్యం చేయాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 25వ అధికరణం చెబుతోంది. డాక్టరుకి ఆ అధికరణం చదివి వినిపించక్కర్లేదు గానీ, దుభాషిని అడగడం మీరు కోరుతున్న ఉపకారం కాదని మీకు తెలిస్తే చాలు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసి ఫైలు పైన అంటించండి. నేను డెఫ్, సైన్‌లో మాట్లాడతాను. మాట్లాడేటప్పుడు వీలైతే మాస్కు తీసి నా వైపు చూడండి. నేను కుడిచేత్తో సైన్ చేస్తాను, సెలైన్ సూది ఎడమచేతికి పెట్టండి (మీది ఎడమచేతి వాటమైతే ఇది తిప్పి రాయండి). స్కానింగ్ చేసేటప్పుడు లైట్లన్నీ ఆర్పేయకండి, దుభాషి చేతులు నాకు కనపడాలి. వీటన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో: 'ఏ కబురైనా ముందు నాకు చెప్పండి.'