ఉరి భయంతో ‘గున్హా కబూల్’ అంటే మిగిలేది యావజ్జీవమే

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర పల్లె. మోటారు నీళ్ల విషయంలో పొలం గట్టు మీద గొడవైంది. వాళ్లే ముందు కర్రతో మీదికొచ్చారు. మా తమ్ముడు పారతో కొట్టిన దెబ్బకు పక్క పొలం ఆయన చనిపోయాడు. చనిపోయినాయన తమ్ముడిని కొట్టాడని మా నాన్న మీద కూడా కేసు పెట్టారు. మా తమ్ముడు జైల్లో ఉన్నాడు. ఆ రోజు వాడి చేతికి సర్కారు ఆస్పత్రిలో కట్టు కట్టారు, ఆ చీటీ ఎక్కడో పోయింది. మూడు వారాల కింద కోర్టులో చార్జి వేశారు. ఊళ్లో ఒక పెద్దమనిషి ‘జడ్జి ముందు గున్హా కబూల్ (నేరం ఒప్పుకుంటున్నా) అని చెప్పించండి, ప్లీ బార్గెయినింగ్ కింద ఏడేళ్లతో పోతుంది, లేకుంటే ఉరే’ అంటున్నాడు. చనిపోయినాయన భార్యకు రెండు లక్షలు ఇచ్చి రాజీ చేయిస్తాడట. అమ్మ అన్నం మానేసింది. మనిషి ప్రాణం తీసే హక్కు సర్కారుకు ఎక్కడిది? మేం ఏం చేయాలి?

జవాబు: ఆ హక్కు గురించి 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిలే ఏకం కాలేకపోయారు. నలుగురు రాజ్యాంగం ఒప్పుకుంటుందన్నారు, జస్టిస్ భగవతి ఒప్పుకోదన్నారు. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి అన్న మాట ఆ తీర్పులోదే. గట్టు మీద అప్పటికప్పుడు రేగిన గొడవలో పడిన ఒక్క దెబ్బకు ఉరి వేసిన కేసు నా ప్రాక్టీసులో చూడలేదు. ఆ పెద్దమనిషి మీకు ఉరి భయం అమ్ముతున్నాడు, మీరు కొనబోతున్నారు.

ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని కోర్టు ద్వారా తక్కువ శిక్షకు బేరం కుదుర్చుకోవడం, మన చట్టంలోకి 2006లో వచ్చింది. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 289 నుంచి 300 వరకు ఉన్న సెక్షన్లు దానివే. ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు అది వర్తించదు. ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకూ వర్తించదు. హత్యకు, అంటే న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 103కు, ఉన్న శిక్షలు రెండే: ఉరి, లేదా యావజ్జీవం. జడ్జికి జాలి కలిగినా యావజ్జీవం కంటే తగ్గించడానికి వీల్లేదు. మీ తమ్ముడు కబూల్ అన్నాక ఏడేళ్లు ఎక్కడినుంచి వస్తాయి? పైగా కబూల్ చేసి శిక్ష పడితే, సురక్షా సంహిత 416 ప్రకారం శిక్ష ఎంత, చట్టబద్ధమా అన్నదాని మీదే అప్పీలు. నేను హత్య చేయలేదని హైకోర్టు నాగపూర్ బెంచి ముందు మళ్లీ చెప్పుకోలేడు.

అమెరికాలో ఉరి చూపించి ఒప్పించే పద్ధతి ఉంది. ఉరికి భయపడి నేరం ఒప్పుకున్నా అది బలవంతం కాదని 1970లో బ్రేడీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. నాకది మింగుడు పడలేదు. మెడ మీద కత్తి పెట్టి చేయించేది బేరమెలా అవుతుంది? తక్కువ శిక్ష ఆశ చూపి కబూల్ చేయించడాన్ని మన సుప్రీంకోర్టు 1980లో కాసంభాయి కేసులోనే తప్పుబట్టింది.

ఇప్పుడు కేసును తేల్చే ఒకే ఒక్క మాట. ‘వాళ్లే ముందు కర్రతో మీదికొచ్చారు’ అని మీరు మధ్యలో మాటవరసకు రాసి వదిలేశారు. ముందు పథకం లేకుండా, అప్పటికప్పుడు లేచిన గొడవలో, ఆవేశంలో, క్రూరత్వం లేకుండా జరిగితే న్యాయ సంహిత 101లోని నాలుగో మినహాయింపు కింద అది హత్య కాదు, హత్య కిందికి రాని ప్రాణహాని నేరంగా 105 కిందికి వస్తుంది. అక్కడ శిక్ష చాలా తగ్గే వీలుంది. కానీ జడ్జికి మీ మాట సరిపోదు, కాగితం కావాలి. ఆ రోజు తమ్ముడి చేతికి సర్కారు ఆస్పత్రిలో కట్టు కట్టారట, ఆ చీటీ ‘ఎక్కడో పోయింది’ అట! మనిషి ప్రాణం మీదికొచ్చిన కేసులో చీటీ పోగొట్టుకుంటారా అమ్మా? నిందితుడి ఒంటి మీది గాయాలకు పోలీసులు కారణం చెప్పలేకపోతే అది ప్రాసిక్యూషన్‌కు దెబ్బేనని 1976లో లక్ష్మీ సింగ్ కేసులో చెప్పారు. ఆస్పత్రి రిజిస్టర్లో ఆ రోజు ఎంట్రీ ఉంటుంది. వెళ్లి అడిగితే ఇవ్వకపోవచ్చు, కోర్టు ద్వారా తెప్పించమని మీ వకీలుతో పిటిషన్ వేయించండి. పోస్టుమార్టం రిపోర్టు తీసి తల మీద దెబ్బలు ఎన్నో లెక్కపెట్టండి. ఒకటైతే మీ మాట నిలబడుతుంది, నాలుగైతే నేను రాసిన దాంట్లో సగం కొట్టేయండి.

రెండు లక్షల సంగతి. హత్య కేసు రాజీపడేది కాదు. సాక్షి అయిన ఆమెకు తెర వెనక డబ్బు ముట్టిస్తే సాక్షిని కొన్నారంటారు. అది కొత్త కేసు, తమ్ముడికి బెయిలు ఆశా పోతుంది. ఆ పెద్దమనిషిని గుమ్మం ఎక్కనీయకండి.

నాన్నగారి విషయంలో మాత్రం ప్లీ బార్గెయినింగ్‌కు దారి ఉండవచ్చు, అదీ గడువు దాటనిస్తే పోతుంది. చార్జి కాగితం మరాఠీలో ఉందని పక్కన పెట్టేసినట్టున్నారు, ఈరోజే చదివించండి. ఆయన మీద ఉన్నది ఒక్క న్యాయ సంహిత 118(1), అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం, మాత్రమేనా, లేక 103తో పాటు 3(5) కూడా తగిలించారా? 3(5) అంటే ఉమ్మడి ఉద్దేశం. అది ఉంటే ఆయనకీ బేరం లేదు. లేకపోతే, పాత శిక్ష లేనివాడైతే, చార్జి వేసిన రోజు నుంచి 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. మీకు మూడు వారాలు అయిపోయాయి, ఈ జవాబు చేరేసరికి వారం కూడా మిగలదు. 118(1)కు పైశిక్ష మూడేళ్లు. మొదటి నేరమైతే ఆరో వంతు, అంటే ఆరు నెలలకు తగ్గే వీలుంది. గాయపడినతనికి పరిహారం కోర్టు ముందే ఇస్తారు, చాటుగా కాదు. ఆ దరఖాస్తులో చెప్పిన మాటల్ని వేరే పనికి వాడకూడదని సురక్షా సంహిత 299 చెబుతుంది. అయినా అందులో గొడవ ఎలా మొదలైందో నాన్న ఒకలా, తమ్ముడు ఇంకోలా చెబితే తమ్ముడి మినహాయింపు అక్కడే వీగిపోతుంది. కాబట్టి ఇద్దరి వకీళ్లూ ఒకచోట కూర్చున్నాకే సంతకం.

వకీలుకు డబ్బు లేకపోతే, జైల్లో ఉన్నవాడికి ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోన్ చేసి జిల్లా న్యాయసేవల సంస్థను అడగండి. తమ్ముడికి మాత్రం ములాఖత్‌లో ఇది చెప్పి రండి: అర్థం కాని మరాఠీ కాగితం మీద ఇక సంతకం వద్దు, జడ్జి అడిగితే తెలుగులో చెప్పించమని అడుగు.