మెషిన్ లేబుళ్ళు దాచుకోవాలనుకునే మేనకోడలికి

చిరంజీవి చిన్నారికి,

మామయ్య ఆశీస్సులు. నీ కవరు నిన్న అందింది. లండన్ మ్యూజియంలోని యంత్రంలో స్టాంపుకి బదులు అతికించే లేబుల్ తీసుకుని, అక్కడే అతికించి పోస్టు చేశావు చూడు, దాన్ని భూతద్దం కింద పెట్టుకుని అరగంట కూర్చున్నాను. ఇలాంటివి సేకరించాలనుంది, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగావు. ముప్పై ఏళ్ళుగా వీటి వెంట తిరిగినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా ఒకటి మనసులో పెట్టుకో. మామూలు స్టాంపు ప్రెస్సులోనే పూర్తయిపోతుంది. ఈ లేబుల్ మాత్రం సగమే తయారై యంత్రంలోకి వస్తుంది. కాగితపు రోలు మీద ముందే బొమ్మ ఉంటుంది, అంతే. వెల, అంకెలు, ఉత్సవం పేరో మ్యూజియం పేరో ఉంటే అదీ, అన్నీ నువ్వు మీట నొక్కాకే పడతాయి. అందుకని బొమ్మ ఒకటే కదా అని రెండో లేబుల్‌ని వదిలెయ్యకు. ఒకే రోలు సోమవారం ఒక వాక్యంతో, ప్రదర్శన రోజుల్లో ఇంకో వాక్యంతో బయటికొస్తుంది. ప్రదర్శన అయిపోగానే ఆ వాక్యం తీసేస్తారు. ఆ నాలుగు రోజుల్లో అక్కడ ఉన్నవాళ్ళకే అది దొరుకుతుంది.

ఫ్రాన్స్‌లో 1969లోనే ఇలాంటి యంత్రాలు పెట్టి చూశారు. 1976లో స్విట్జర్లాండ్‌లో ఫ్రామా కంపెనీ యంత్రాలు వచ్చాక ఇవి దేశదేశాలకూ పాకాయి. పాతకాపులు ఇప్పటికీ వీటిని ‘ఫ్రామాలు’ అనే అంటారు. జర్మనీలో 1981లో మొదలయ్యాయి. అక్కడి పేరు ‘ఆటోమాటెన్‌మార్కెన్’ కాబట్టి కేటలాగుల్లో, అమ్మకాల జాబితాల్లో ‘ఏటీఎం’ అని కనిపిస్తే అవి ఇవే.

ఇక ఏది సేకరించాలనేది. అన్నీ కావాలనుకుంటే మాత్రం ఆర్నెల్లలో విసుగొస్తుంది. ఎందుకంటే ఈ యంత్రాల్లో చాలావాటికి ఎంత వెల అడిగితే అంత వెల అచ్చు కొట్టే గుణం ఉంది. బ్రిటన్‌లో 1984 మే 1 నుంచి 1985 ఏప్రిల్ 30 దాకా, ఒక్క ఏడాది నడిచిన ఫ్రామా యంత్రాలు అర పెన్నీ తేడాతో వెలలు ఇచ్చాయి. ఒక్క బొమ్మకే అన్ని వెలలూ పోగేయబోతే పేజీలన్నీ ఒకేలా కనిపిస్తాయి, చూసేవాళ్ళకీ నీకూ ఉత్సాహం చచ్చిపోతుంది. నన్నడిగితే ఒక దేశం, ఒక వరస పట్టుకో. హాంకాంగ్ వాళ్ళు 1987లో కుందేలుతో మొదలుపెట్టి ఏటా చైనా పంచాంగంలో ఆ సంవత్సరపు రాశి జంతువును వేశారు. లేబుల్ మీద 01 అనో 02 అనో యంత్రం నంబరు ఉంటుంది. ఏటికి ఒక బొమ్మ, రెండు యంత్రాలు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ చేతికి ఇంతకంటే అందమైన వరస నాకు తోచదు. ఊళ్ళ మీద ఇష్టముంటే ఆస్ట్రేలియా తీసుకో. 1980ల నాటి అక్కడి ఫ్రామాల్లో సిడ్నీకి 2000, మెల్‌బోర్న్‌కి 3000 అని పోస్టు కోడు ముద్రించినవి ఉన్నాయి. నగరానికొకటి చొప్పున పేర్చుకుంటే అదే చిన్న దేశపటం.

నువ్వు పంపిన రకాన్ని బ్రిటన్‌లో ‘పోస్ట్ అండ్ గో’ అంటారు. 2008లో బ్రిస్టల్‌లో ప్రయత్నించి చూసి తర్వాత విస్తరించారు. మొదట్లో రాణి తల బొమ్మ ఒక్కటే. 2010 సెప్టెంబరులో పక్షుల వరస వచ్చాకే బొమ్మల కోసం జనం వరస కట్టారు. ఒక్కో రోలులో ఆరు పక్షులు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుండేవి. ఎవరి వంతుకి ఏ పక్షి ముందొస్తుందో చెప్పలేకపోయేవాళ్ళం. అలా బొమ్మలు తిరిగే రోలు ఎదురై ఆరూ కావాలంటే ఒకేసారి ఆరు తీసుకో, తెంపకుండా పట్టీగానే ఉంచు. తెంపిన ఆరుకీ తెంపని ఆరుకీ విలువలో చాలా తేడా ఉంటుంది.

అడుగున సన్నగా ఒక అంకెల వరస ఉంటుంది, దాన్ని చదవడం నేర్చుకో. ఏ ఆఫీసు, అందులో ఎన్నో యంత్రం, అది ఎన్నో లావాదేవీ, ఆ లావాదేవీలో ఇది ఎన్నో లేబుల్ అన్నది అందులోనే ఉంటుంది. నాకు బొమ్మ కన్నా ఈ వరసే ఎక్కువ ఇష్టం. జర్మన్ లేబుళ్ళలోనైతే వెనక్కి తిప్పి చూడు, చాలా రోళ్ళలో ప్రతి ఐదో దాని వీపు మీద నంబరు ఉంటుంది. అతికించేశాక అది ఇక కనపడదు.

కొన్న వెంటనే తేదీ, వేళ, చోటు, ఎంత ఇచ్చావో ఒక నోటుబుక్కులో రాసెయ్. ఇంటికెళ్ళాక రాద్దాంలే అంటే ఆ వివరం పోయినట్టే. ఒక సెట్టు మడవకుండా దాచు, ఇంకొకటి కవరుకి అతికించి అదే ఊళ్ళో అదే రోజు పోస్టు చెయ్. కౌంటర్లో అడిగి చేత్తో ముద్ర వేయించుకోగలిగితే మరీ మంచిది. రసీదు పారెయ్యకు. కానీ దాన్ని లేబుల్‌కి ఆనించి పెట్టకు, స్కాన్ తీసి విడిగా ఉంచు.

అలా ఎందుకంటే, రసీదూ ఇప్పటి లేబుళ్ళూ చాలావరకు వేడితో నల్లబడే కాగితం మీదే అచ్చవుతాయి. సిరా ఉండదు. వెలుతురు తగిలితే అక్షరాలు పాలిపోతాయి, వేడి తగిలితే కాగితమే నల్లబడుతుంది. నా మొదటి రోజుల్లో రెండు పట్టీల్ని చవకరకం మెత్తటి ప్లాస్టిక్ జేబుల్లో పెట్టాను. కొన్నేళ్ళకి తీసి చూస్తే బొమ్మ నిక్షేపంగా ఉంది, వెల ఉండాల్సిన చోట బూడిదరంగు మరక మిగిలింది. అంకెలు పోయాక అది ఉత్త రంగుకాగితం. ఆ రోజు నేను పడ్డ బాధ నువ్వు పడకూడదు. పీవీసీ అన్న మాట ఉన్న ఏ ఆల్బమూ కొనకు, పాలియెస్టర్ పలకలు అడుగు. లామినేషన్ జోలికి అస్సలు పోకు, ఆ వేడికి మొత్తం నల్లగా అయిపోతుంది. కవరు మీది లేబుల్‌ని ఊడదీయాలని స్పిరిట్ రాయకు, అదీ నల్లబరుస్తుంది. చుట్టూ వేలెడు కాగితం వదిలి కత్తిరించు, లేదా కవరునే దాచు. నేను కవరునే దాస్తాను.

అమ్మేవాళ్ళ దగ్గర వెల లేని ఖాళీ లేబుళ్ళు, సున్నాలు మాత్రమే ఉన్నవి ‘అరుదైన పొరపాట్లు’ అనే పేరుతో కనిపిస్తాయి. సున్నాలవి చాలావరకు యంత్రాన్ని సరిచూసుకోవడానికి తీసినవే. ఖాళీవి రోలు లోంచి ఎలా బయటపడ్డాయో అడుగు, జవాబు తడబడితే వదిలెయ్. నిజమైన పొరపాట్లూ ఉంటాయి. ఒక వాక్యం పడాల్సిన చోట ఇంకోటి పడటం, వేరే రోలు ఎక్కించడం లాంటివి. అలాంటిది దొరికితే ఒక్కటి తీసుకుని రాకు, అదే లావాదేవీలో మిగతావీ తీసుకో, రసీదుతో సహా.

ఇప్పుడు నీ కవరు సంగతి. దాని మీది వరసలో చివరి అంకె 4 అని ఉంది. అంటే ఆ రోజు నువ్వు కనీసం నాలుగు తీశావు. మిగతా మూడూ నీ దగ్గరే ఉన్నాయా, ఎవరికైనా పంపావా? ఉంటే తెంపావో లేదో రాయి.

మీ మామయ్య