పాలమూరులో రికార్డర్ల, అంటే నిలువుగా పట్టి ఊదే పిల్లనగ్రోవుల, బృందం పెడుతున్న నా మేనకోడలికి

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ కోడలు రికార్డర్ల బృందం పెట్టిందంట, సంక్రాంతి సెలవుల్లో ఒక రోజంతా కూడి వాయిస్తరంట, ఏప్రిల్‌ల ప్రోగ్రాం కూడా ఉందంట" అని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. ఆరేళ్ళప్పుడు నల్లగొండలో మా ఇంటి అరుగు మీద కూర్చొని నా తెల్ల ప్లాస్టిక్ రికార్డర్‌లో గట్టిగా ఊది పక్కింటి మేకల్ని బెదరగొట్టిన పిల్లవి, ఇప్పుడు పద్నాలుగు మందిని కూర్చోబెట్టి నాలుగు గొంతుల్లో పాట వాయిస్తావా! మీ తాత ఉంటే ఊరంతా చెప్పుకునేవాడు.

ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. కొత్తవాళ్ళందరికీ ప్లాస్టిక్‌వే కొనిపించు, చెక్కవి ఇప్పుడే వద్దు. రంధ్రాల అమరికలో బరోక్, జర్మన్ అని రెండు రకాలుంటాయి, అందరివీ బరోక్ రకమే ఉండాలి, ఒకరిది బరోక్, ఒకరిది జర్మన్ అయితే వేళ్ళు కలవవు, కొన్ని స్వరాలు అసలు కలవవు. కొనేటప్పుడు పైనుంచి నాలుగో రంధ్రం, ఐదో రంధ్రం పోల్చి చూడు. నాలుగోది చిన్నగా, ఐదోది పెద్దగా ఉంటే బరోక్, దానికి తిరగేసి ఉంటే జర్మన్. ఊదే ముందు నోరు పుక్కిలించాలి. మిర్చి బజ్జీలు, చెకినాలు అన్నీ వాయించడం అయిపోయాకే, ఒక్క నలక గాలి దారిలో ఇరుక్కుందంటే ఆ పూటకు ఆ వాయిద్యం పలకదు. పాట కాగితాలు గాలికి ఎగరకుండా బట్టల క్లిప్పులు తెచ్చుకోండి.

సోప్రానోలు ఎక్కువ పెట్టుకోకు. చిన్నది, చవక, అందరికీ అదే కావాలి, కానీ అది చెవిలో గుచ్చుతుంది, నలుగురు సోప్రానో ఊదితే మిగతా పది మందీ ఊదినట్టే ఉండదు. పద్నాలుగు మందిలో ముగ్గురికి మించి వద్దు. దానికన్నా పెద్దవి, కింది గొంతువి అయిన ఆల్టో, టెనర్ ఎక్కువ పెట్టు, వాటికన్నా పెద్దదైన బాస్ ఒక్కటైనా సంపాదించు. సోప్రానో, టెనర్ ఒకటో శ్రుతివి, ఆల్టో, బాస్ నాలుగో శ్రుతివి, అంటే అవే వేళ్ళు మూస్తే వేరే స్వరం వస్తుంది. పిల్లలు ఇక్కడే తికమకపడి ఏడుస్తారు. ఒకరికి ఒకటే వాయిద్యం ఇచ్చి కనీసం ఆరు నెలలు మార్చకు. స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, రానివాళ్ళకు సరిగమలు తెలుగులో రాసివ్వు. నేను అలాగే రాసేదాన్ని, మెడికల్ షాపు ఆయనైనా, రిటైరైన గుమాస్తా అయినా సరిగమలు చూస్తే ధైర్యంగా ఊదేవారు.

ఇక ఏప్రిల్ సంగతి. అసలు ఏప్రిల్‌లో, సాయంత్రం నాలుగింటికి, షామియానా కింద పెట్టాలని ఎవరికి తోచింది బిడ్డా? నువ్వు పుట్టి పెరిగింది మన దగ్గరే కదా, ఏప్రిల్‌లో మన ఎండ నలభై దాటుతుందని తెలియదా? ఎండకు పిల్లలు సొమ్మసిల్లుతారన్నది ఒక భయం. రెండోది శ్రుతి. వేడి గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది, దానితో రికార్డర్ శ్రుతి పైకి పోతుంది. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య నూరు పాళ్ళు అనుకుంటే, డిగ్రీకి మూడు పాళ్ళ చొప్పున లెక్క. నువ్వు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కీబోర్డుతో కలిపి, మధ్యాహ్నం ఎండలో వాయిస్తే, పది పన్నెండు డిగ్రీల తేడాకు మూడో వంతు స్వరం పక్కకు పోతుంది. ఊపిరి వెచ్చదనం కొంత సర్దుతుంది, అంతా సర్దదు. కీబోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వినేవాళ్ళకు ఎక్కడ తప్పిందో తెలియదు, ఏదో బాగాలేదని మాత్రం తెలుస్తుంది.

అందుకని వాయించే చోటే, వాయించే వేళకే శ్రుతి కలపాలి. అందరూ పది నిమిషాలు ఊది వాయిద్యాలు వెచ్చబడ్డాకే. బాస్ నుంచి మొదలుపెట్టి పైకి రా. శ్రుతి పైకి పోయినవాళ్ళు నోటి దగ్గరుండే తల భాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగాలి. కిందికి ఉన్నవాళ్ళు మాత్రం లోపలికి పూర్తిగా నెట్టాక ఇంకేం చేయలేరు, కాబట్టి అందరిలో కింద ఎవరున్నారో వాళ్ళకే మిగతావాళ్ళు కలవాలి. షామియానా బదులు ఏసీ ఫంక్షన్ హాలు కూడా దొరికిందని మీ నాన్న అన్నాడు. అక్కడ బాధ ఇంకో రకం, చల్లటి గాలి దారిలో మన ఊపిరి నీళ్ళై పేరుకొని గొంతు పూడుకుపోయినట్టు పలుకుతుంది. ఆ తల భాగాన్ని చంకలో పెట్టుకొనో, జేబులో వేసుకొనో వెచ్చగా ఉంచుకోవాలి. ఇక ఫ్యాన్! స్టేజీ మీద నిలబడే ఫ్యాన్ పెట్టి మన మీదికి తిప్పుతారు, మర్యాద చేస్తున్నామనుకుంటారు పాపం. ఆ గాలి రికార్డర్ తల భాగంలో ధ్వని పుట్టే కిటికీ మీదుగా పోయిందంటే ధ్వని తెగిపోతుంది. ఫ్యాన్‌ని జనం వైపు తిప్పించు. మైకు సెట్టు అబ్బాయితో ముందే మాట్లాడి ఎకో తీసేయమను, మైకులు నాలుగైదు అడుగుల దూరంలో పెట్టమను. దగ్గర పెడితే పాటకన్నా ఉస్సుమనే ఊపిరే ఎక్కువ వినిపిస్తుంది.

సంక్రాంతి రోజు గురించి నాకేం బెంగ లేదు. వినడానికి ఎవరూ రారు, చప్పట్లు ఉండవు, కూడి వాయించుకోవడమే, ఆ రోజును అలాగే ఉంచు. సర్పంచునూ, విలేకరినీ పిలవకు. ఇంగ్లండులో రికార్డర్ వాయించేవాళ్ళు 1937లో ఒక సొసైటీ పెట్టుకున్నారు, ఊరూరా శాఖలతో ఇప్పటికీ ఇట్లాగే కూడుతున్నారు. అసలు ఈ వాయిద్యం నూట యాభై ఏళ్ళు మరుగున పడిపోయి మళ్ళీ లేచింది తెలుసా? పాతకాలపు వాయిద్యాలు చేసే ఆర్నాల్డ్ డాల్మెచ్ అని ఒకాయన దగ్గర 18వ శతాబ్దం నాటి రికార్డర్ ఒకటి ఉండేది. 1919లో ఆయన చిన్న కొడుకు కార్ల్ లండన్ వాటర్లూ స్టేషన్‌లో అది ఉన్న సంచి మరిచిపోయాడు. అది పోయింది. చేసేదేం లేక ఆయనే కొత్తది చేయడానికి కూర్చున్నాడు, ఆ పని వల్లే రికార్డర్ మళ్ళీ జనంలోకి వచ్చింది. ఆ పిల్లవాడే పెద్దయ్యాక పేరున్న వాయిద్యకారుడై, ఆ సొసైటీ పెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. ఆయనకు అలా కలిసొచ్చింది కానీ, మనకు పోయిన సంచి పోయినట్టే. అందుకే బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సంచులు లెక్కపెట్టు, పిల్లల్నీ లెక్కపెట్టు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఇది మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1994 క్రిస్మస్‌కు మా రికార్డర్ల బృందం మొదటిసారి జనం ముందు వాయించింది. పదకొండు మందిమి. మా ఊరి నుంచి వెళ్ళిపోతూ ఒక విదేశీ నర్సమ్మ వదిలి వెళ్ళిన పెట్టెలోవే మా వాయిద్యాలన్నీ. ఆ పదకొండు మందిలో మిషన్ కుట్టే అక్క ఒకామె ఉండేది, నాకన్నా పదేళ్ళు పెద్ద. వాళ్ళది మగ్గం ఇల్లు. శనివారం శనివారం తిప్పర్తి వైపు నుంచి బస్సులో వచ్చేది, చంటిదాన్ని చంకనేసుకొని. టెనర్ ఊదేది. ఆమె కుడి చేతి చిటికెన వేలు చిన్నప్పుడెప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది, చివరి రంధ్రం మూతపడేది కాదు. కింది స్వరాలు వచ్చినప్పుడల్లా గాలి లీకై కీచుమనేది. ఆరు నెలలు అలాగే వాయించింది, ఎవరం ఏమీ అనలేదు. ఆమె వస్తే అందరికీ బాగుండేది.

ప్రోగ్రాం ముందు రోజు సాయంత్రం నాకు టెన్షన్ ఎక్కువైంది. ఊళ్ళో పెద్దలందరూ వస్తున్నారు. ఆ కీచు ఒక్కటే నా చెవుల్లో తిరుగుతోంది. అందరూ వెళ్ళిపోయాక అక్కను పక్కకు పిలిచి, "అక్కా, రేపు నువ్వు ఊదకు. పెదవుల దగ్గర పెట్టుకొని వేళ్ళు ఆడించు, చాలు" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, "సరే చెల్లె" అంది. అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. టెనర్‌ని పాత చీర ముక్కలో చుట్టుకొని బస్సుకు పోయింది.

మర్నాడు ప్రోగ్రాం బాగా జరిగింది. ఎక్కడా కీచుమనలేదు. అక్క రెండో వరుసలో కొత్త చీర కట్టుకొని, వేళ్ళు సరిగ్గా ఆడిస్తూ నిలబడింది. వాళ్ళాయన, ముగ్గురు పిల్లలు ముందు చాప మీద కూర్చున్నారు. అయిపోయాక టీలు తాగుతుంటే వాళ్ళ పెద్ద పాప వచ్చి నా ముందే అడిగింది, "అమ్మా, అందరివి వినపడ్డయి, నీది వినపడలేదేంది?" అని. అక్క ఏం జవాబు చెప్పిందో నేను వినలేదు, నిలబడలేక లోపలికి వెళ్ళిపోయాను.

తర్వాతి శనివారం ఆమె రాలేదు. ఆ పై వారం ఎవరితోనో టెనర్ పంపింది, అదే చీర ముక్కలో చుట్టి, కడిగి, తుడిచి. వెళ్ళి మాట్లాడదామని అనుకుంటూనే నాలుగు నెలలు గడిపాను. తీరా వెళ్తే ఇంటికి తాళం. మగ్గం నడవక మహారాష్ట్రలో మరమగ్గాల ఊరు భివండికి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. మళ్ళీ కలవలేదు.

నన్ను ఇప్పటికీ తినేసేది ఇంకొకటి ఉంది. ఆ ఏడు మేం వాయించిన పాట ఐదో శ్రుతిలో ఉంది. టెనర్ మీద ఐదో శ్రుతి షడ్జం ఎడమ చేతి మూడు వేళ్ళు, బొటనవేలుతో పలుకుతుంది. అక్కడి నుంచి పంచమం దాకా స రి గ మ ప ఐదు స్వరాలూ ఎడమ చేతిలోనే ఉన్నాయి, కుడి చేయి కింద బొటనవేలితో మోస్తే చాలు. ఆ చిటికెన వేలుతో పనే లేదు. నాలుగు కాగితాలు ముందేసుకొని అరగంట కూర్చుని ఉంటే ఆమెకు తంబురాలాగా షడ్జం, పంచమం నిలబెట్టే వరుస ఒకటి రాసిచ్చేదాన్ని. మా పాటకు అదే లోటు కూడా, కింద ఆధారం లేక పలచగా ఉండేది. ఆ అరగంట నేను కూర్చోలేదు. ఊదకు అనడం నాకు సులువైంది.

అందుకే అడుగుతున్నా, నీ పద్నాలుగు మందిలో ఎవరికి ఏ వేలు అందదో, ఎవరికి దమ్ము తక్కువో, ఎవరు తాళం తప్పుతారో ఇప్పుడే రాసుకో. ఏప్రిల్ దాకా ఆగకు. ఒక్కొక్కరికీ వాళ్ళ చేతికి, వాళ్ళ ఊపిరికి సరిపడే వరుస రాయి, మూడు స్వరాలదైనా సరే. పాట కష్టమైతే పాట మార్చు. బతుకమ్మ వరుసల్లో ఐదు స్వరాలతో అయిపోయేవి ఎన్ని లేవు! నీకు రాయడం కష్టమనిపిస్తే ఆ పేర్లన్నీ నాకు పంపు, నేను రాస్తాను. నాకు ఇప్పుడు పనేముంది.

ప్రోగ్రాం అరగంట చాలు. మొదటిది అందరికీ బాగా వచ్చిన పాట పెట్టు. మొదలుపెట్టేటప్పుడు చేత్తో లెక్క వేయడం కన్నా నువ్వు పైకి కనపడేట్టు ఊపిరి తీసుకో, అందరూ నీతో పాటు తీసుకుంటే మొదటి స్వరం కలిసి వస్తుంది. చీకటి పడకముందే ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల్ని ఇళ్ళకు చేర్చు. జడ్చర్ల చౌరస్తా దగ్గర హైవే దాటే పిల్లలుంటే ఎవరో ఒక పెద్దవాళ్ళు చేయి పట్టుకొని దాటించాలి. బైకు మీద ముగ్గురు ముగ్గురు ఎక్కితే నేను ఊరుకోను, నువ్వు తిట్టలేకపోతే నాకు ఫోన్ ఇవ్వు, నేను తిడతాను.

ఎక్కువ కోప్పడ్డానేమో. కోపం నీ మీద కాదురా. నువ్వు నాకన్నా నెమ్మదైన మనిషివి, చిన్నప్పుడు మేకలు బెదిరిపోయాయని చెబితే వాటి దగ్గరికి పోయి మెల్లగా ఊది వినిపించావు. నాకు అదింకా గుర్తుంది.

ఆ టెనర్ నా దగ్గరే ఉంది, అదే చీర ముక్కలో. చివరి రంధ్రానికి మీట ఉన్న టెనర్లు వస్తాయి, ఇది అది కాదు, కానీ గొంతు చాలా బాగుంటుంది. పార్సిల్‌లో పంపను, నేనే తెస్తాను. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి వస్తాను. జడ్చర్లలో దిగి ఆటో పట్టుకోవాలా, పాలమూరు బస్టాండు దాకా రావాలా, నాన్నను అడిగి చెప్పు. పేర్లు మాత్రం ఈ ఆదివారానికి పంపు.

మీ అత్త